వాలు కింద నల్లనీరు

నిన్న మధ్యాహ్నం డాక్టరుగారి ఇంటి ముందు వాలులో గునపం దిగిన చోట నల్లటి నీరు బుస్సుమని చిమ్మింది. పనివాళ్ళు ముక్కులు మూసుకుని ఒడ్డుకు గెంతారు. మేస్త్రమ్మ ఒక్కతే కాలువలో నిలబడిపోయింది. అక్కడ ఆగాం మనం.

అంతకు ముందు సంగతులు తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. పదకొండేళ్ళుగా కాంక్రీటు పనులు పట్టి, సొంతంగా ఐదుగురిని నడిపిస్తున్న ఆమెను చిన్నా పెద్దా అందరూ మేస్త్రమ్మ అనే పిలుస్తారు. ఆమె చేతికి తాపీ ఇచ్చి పని నేర్పింది సొంత అన్నయ్య. నడుము పోయాక ఇప్పుడాయనే చెల్లెలి దగ్గర పనిలో ఉన్నాడు. వాలు పైనున్న మేడ రిటైరైన డాక్టరుగారిది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, కారు నేరుగా వరండా దాకా ఎక్కాలి, వానకు జారకుండా కాంక్రీటు ర్యాంపు వెయ్యమని ఆయన పని అప్పగించి పదో రోజు ఇది. వాలు కింద, ఆయన ప్రహరీకి ఆనుకుని చిన్న రేకుల ఇల్లు. అందులో టైలరమ్మ, ఆమె ఎనిమిదేళ్ళ కూతురు ఉంటారు. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతూ నెలకోసారి ఇల్లు చేరతాడు.

ర్యాంపు కింది అంచున, కాంక్రీటు పలక మొత్తం బరువుకి జారిపోకుండా పట్టుకునే పునాది కాలువ తవ్వుతుంటే గునపానికి పైపు తగిలింది. ఆ పైపు వస్తున్నది మేడ వెనకున్న సెప్టిక్ ట్యాంకు నుంచి. పోతున్నది ఎక్కడికో తేల్చుకోవడానికే మేస్త్రమ్మ ఈవేళ పొద్దున్నే ఏడింటికల్లా వచ్చి వాలు దగ్గర నిలబడింది.

పదింటికి కలిపిన కాంక్రీటుతో రెడీమిక్స్ లారీ వస్తుంది. ఆ ఒక్క కాలువ తప్ప అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. వాలు పొడుగునా దిమ్మిసతో కుదించిన కంకర, దాని మీద గళ్ళుగళ్ళుగా కట్టిన ఇనుప చువ్వలు, రెండు పక్కలా నిక్కచ్చిగా నిలబెట్టిన చెక్కలు. ఇంకో రోజైతే ఆ పనితనం చూసుకుని మురిసిపోయేది. కాలువ మీద నిన్న కప్పిన రేకు పక్కకి లాగింది. రాత్రంతా మూతపడి మగ్గిన కంపు ఒక్కసారిగా మొహాన కొట్టింది. కాలువలో మోకాటి లోతున నల్లనీరు నిలిచి ఉంది. దాని మీద సబ్బు నురగలాంటి తెట్టె, ఆ తెట్టె మీద ఈగలు.

తువ్వాలు ముక్కుకి బిగించి, బకెట్టుతో ఆ నీరంతా తోడిపోసింది. విరిగిన పైపు రెండు నోళ్ళూ బయటపడ్డాయి. నేలకు రంగు కలిపే ఎర్రపొడి సంచిలో మిగిలి ఉంది. గుప్పెడు పొడి బకెట్టు నీళ్ళలో కలిపి కింది వైపు నోట్లో పోసింది. మళ్ళీ కలిపి మళ్ళీ పోసింది. మూడో బకెట్టు పోశాక చేతులు తుడుచుకుని టైలరమ్మ ఇంటి వెనక్కి నడిచింది.

ఇంట్లో ఎవరూ లేరు. పొద్దున పిల్లను బడిలో దింపి, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్తుంది టైలరమ్మ. ప్రహరీ గోడ మొదట్లో గడ్డి నడుము లోతున పెరిగి ఉంది. చుట్టుపక్కల నేలంతా ఎండిపోయి పగిలినా, అక్కడ మాత్రం గడ్డి అంత పచ్చగా ఎందుకుందో తొమ్మిది రోజులుగా చూస్తున్నా ఆమెకు తట్టలేదు. గడ్డి తొక్కుకుంటూ వెళ్ళింది. కాలి కింద నేల బెత్తెడు కుంగింది. గుంతకి మూతగా వేసిన రెండు రాతి పలకలు, వాటి మధ్య సందు. సందులోంచి ఎర్రటి నీరు ఊరుతోంది.

పలకల అంచు నుంచి, అదే పెరట్లో ఉన్న టైలరమ్మ బావి గట్టు దాకా అడుగులు వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో అడుగు బావి గట్టుకి తగిలింది.

బావి గట్టు మీద నీలం రంగు ప్లాస్టిక్ జగ్గు బోర్లించి ఉంది. రోజూ పదింటికి టైలరమ్మ ఆ జగ్గుతో, ఒక క్యానుతో నీళ్ళు పట్టుకుని వాలెక్కి వచ్చేది. "ఎండలో చేస్తున్నారు, తాగండక్కా" అని అందరికీ పోసేది. తొమ్మిది రోజులు తాగింది మేస్త్రమ్మ. చల్లగా ఉన్నాయని అడిగి మరీ రెండోసారి పోయించుకుంది. పళ్ళు తోముకున్నట్టు పుక్కిలించి మింగిన సంగతి కూడా గుర్తొచ్చింది.

గోడ పట్టుకుని వంగింది. పొద్దున తాగిన టీ, దాని వెనక పసరు, దాని వెనక ఏమీ లేని ఉత్త డోకులు. నోరు కడుక్కుందామని చుట్టూ చూస్తే ఎదురుగా ఉన్నది ఆ బావి ఒక్కటే. ఉమ్మేసి, చేతి వెనక భాగంతో మూతి తుడుచుకుని, వాలెక్కింది.

డాక్టరుగారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. పక్కన బల్ల మీద టీ కప్పు, సీలు వేసిన నీళ్ళ సీసా. ఊళ్ళో ఆయనకు చల్లని చెయ్యి అని పేరు. ఆ చేతుల్ని రోజుకి ఇరవైసార్లు కడుగుతారేమో, వేళ్ళ చివర్లు నానినట్టు తెల్లగా పాలిపోయి ఉంటాయి.

"రా అమ్మా. ముందు చేతులు కడుక్కో. ఆ పంపు దగ్గర సబ్బుంది" అన్నారు.

"కడుక్కుంటానండి."

"పైపుకి గుడ్డ చుట్టి, సిమెంటు పూసి, మట్టి కప్పెయ్యమన్నానుగా నిన్న. కప్పేశారా?"

"లేదండి."

"మరి లారీ పదింటికి వచ్చేస్తుందిగా?"

"వస్తుందండి. ఆ పైపు ఎక్కడికి పోతోందో ఇప్పుడే చూసొచ్చాను."

డాక్టరుగారు కప్పుని సాసర్లో పెట్టారు. చప్పుడు కాలేదు. పేపరు మడిచి దాని మీద కళ్ళజోడు పెట్టారు.

"ఎక్కడికి పోతోంది?"

"మీకు తెలీదా?"

ఆయన నీళ్ళ సీసాని బల్ల మీద ఇంకాస్త లోపలికి జరిపారు. ఆమెకే తన్నుకొచ్చింది.

"మొదటిరోజు మీరే అన్నారు నాతో. కింది బావి నీళ్ళు తాగకండమ్మా, మీ నీళ్ళు మీరు తెచ్చుకోండీ అని. ఎంత మంచాయనో, కూలీవాళ్ళ గురించి కూడా పట్టించుకుంటున్నాడు అనుకున్నాను. అంత దూరం నుంచి మోసుకురాలేక నేనే వినిపించుకోలేదు. మా గెడ నిన్నట్నుంచి మంచం దిగట్లేదు తెలుసా? వాంతులు, విరోచనాలు."

గెడ అంటే ఆమె మనుషుల్లో అందరికన్నా పొడుగైనవాడు. ఆరడుగుల మనిషి, నలభై ఏళ్ళవాడు, ఒక్క రోజులో పీల్చుకుపోయాడు.

"మాత్రలు ఇచ్చానుగా నిన్న" అన్నారు డాక్టరుగారు.

"ఇచ్చారు. కడుపు బాలేదంట అనగానే లోపలికెళ్ళి తెచ్చిచ్చారు. ఎప్పట్నుంచి, ఏం తిన్నాడు, ఏమీ అడగలేదు. ఏ రోగమో మీకు ముందే తెలుసన్నమాట."

"కోప్పడకు. కూర్చో ముందు."

"నేను కూర్చోను."

"సరే, నిలబడే విను." ఆయన గొంతు పేషెంటుకి మందులెలా వేసుకోవాలో చెప్పేటప్పటి గొంతే. "అప్పట్లో మా ఇంకుడు గుంత నిండిపోయింది. ఇంకో చోట తవ్వుదామంటే వెనకంతా బండ. ఏం చెయ్యమంటావు? తాత్కాలికంగా ఆ ఏర్పాటు చేశాం. మట్టి దానంతటదే నీటిని వడపోస్తుందమ్మా. అది సైన్సు. నువ్వు కంగారు పడ్డంత ఏం లేదు."

"తాత్కాలికమంటే ఎన్నాళ్ళండీ?"

ఆయన కప్పు తీసుకుని ఒక గుక్క టీ తాగారు.

"వాళ్ళని నేనేం గాలికి వదిలెయ్యలేదు. ఆ ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా చూసేది నేనే. ఇన్నేళ్ళుగా ఉచితంగా చూస్తున్నాను. ఆ పాప పుట్టింది నా చేతుల్లో. నెలకోసారి దానికి కడుపు నొప్పి వస్తే మందిచ్చేది నేను. అడుగు కావాలంటే, ఆ టైలరమ్మనే అడుగు. దేవుడంటుంది నన్ను."

మేస్త్రమ్మకు ఆ తెల్లటి వేళ్ళ వైపు చూడబుద్ధి కాలేదు. పైపు నోటి దగ్గర ముక్కు కట్టుకుని నిలబడగలిగింది గానీ, ఈ సబ్బు వాసన మాత్రం భరించలేకపోయింది. మురుగన్నాక కంపు కొడుతుంది, దాని తప్పేముంది. రోగం తనే పంపి, మందూ తనే పంపి, దండాలు కూడా తనే పెట్టించుకునే మనిషి ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఆ రోతని ఏ తువ్వాలుతో కట్టుకోవాలి?

"టైలరమ్మ వాళ్ళత్తగారు పోయింది కూడా మీ చేతుల్లోనే కదండీ" అంది.

ఆయన మొహంలో మొదటిసారి ఏదో కదిలింది.

"ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. వయసు. కాగితం మీద అదే రాశాను."

"వారం రోజులు వాంతులై పోయిందని చెప్పింది టైలరమ్మ."

"నువ్వు డాక్టరువా?" గొంతు పెరిగింది. వెంటనే దించేశారు. "చూడమ్మా. లారీ వస్తుంది. పోసెయ్. ఆరంగుళాల కాంక్రీటు పడ్డాక అక్కడ పైపుందో లేదో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు పొయ్యనంటే ఇంకొకరు పోస్తారు. ఆ పని ఆగదు."

"నేను పొయ్యను. వాళ్ళకి చెప్పేస్తాను."

"చెప్పు." డాక్టరుగారు కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు, పేపరు విప్పారు. "చెబితే జనం ముందు అడిగేది, ఆ పైపు వేసిందెవరని. నాకు తాపీ పని రాదు కదా. వెళ్ళేముందు ఒకసారి మీ అన్నయ్యని అడిగి వెళ్ళు."

వరండా మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు.

కంపుకి జడిసి మిగతా పనివాళ్ళు ఈవేళ రాలేదు. అన్నయ్య ఇసక కుప్ప పక్కన కూర్చుని, చువ్వలు కట్టగా మిగిలిన తీగని ఉండ చుడుతున్నాడు. అరవై దాటిన మనిషి. నాన్న పోయాక ఆమెను పెంచింది ఆయనే. ఆడపిల్లకి తాపీ ఏంటని నలుగురూ నవ్వినా చేత రసమట్టం పెట్టి, "బుడగ మధ్యకి వచ్చేదాకా లేవకు" అని కూర్చోబెట్టింది ఆయనే. ఆమె వచ్చి ఎదురుగా నిలబడితే తలెత్తలేదు. అప్పుడే ఆమెకు సగం తెలిసిపోయింది.

"అన్నయ్యా, ఈ ఇంట్లో ఇంతకు ముందెప్పుడైనా పని చేశావా?"

ఆయన నీళ్ళు నమిలాడు. "ఎప్పుడో... పాత సంగతిలే."

"ఏం పని?"

"చిన్న పనే."

"ఆ పైపు నువ్వు వేశావా లేదా? అదొక్కటి చెప్పు."

తీగ ఉండ చేతిలోంచి జారి ఇసకలో పడింది. ఆయన దాన్ని తియ్యబోయి, నడుము పట్టేసి, మధ్యలోనే ఆగిపోయాడు.

"పద్దెనిమిదేళ్ళయింది చెల్లీ. మీ వదిన కాన్పు అడ్డం తిరిగినప్పుడు తల్లినీ బిడ్డనీ బతికించింది ఆయనే కదా. ఆ మరుసటేడు పిలిచి, ఇలా ఒక పైపు వెయ్యాలి, నువ్వొక్కడివే చెయ్యి, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఎలా కాదనను? ఆరు నెలలేరా, తర్వాత వేరే గుంత తవ్విస్తాను అన్నాడు."

"అక్కడ బావుందని తెలుసా నీకు?"

"తెలుసు."

"ఆరు నెలల తర్వాత వచ్చి చూశావా?"

"లేదు."

"మరి నాకు ఈ పని వచ్చినప్పుడు? ర్యాంపు కొలతలు నువ్వే తీశావుగా. పునాది కాలువ వద్దు, కింద ఊరికే మట్టి గట్టు పోసేద్దాం, చాలులే అన్నావు. వాలులో అలా ఎవరైనా వేస్తారా అని నీతో పోట్లాడాను. నీకు వయసైపోయి మతి పోతోందనుకున్నాను. ఇందుకా?"

ఆయన తల ఊపాడు.

ఆమెకు ఇంకో సంగతి స్ఫురించింది. స్ఫురించగానే వద్దనుకుంది, కాకూడదనుకుంది. ఇసక కుప్ప పక్కన అన్నయ్య చేతిసంచి. సంచిలోంచి తొంగి చూస్తున్న ఆకుపచ్చ మూత సీసా. పది రోజులుగా ఇంటి నుంచి తెచ్చుకుంటున్నాడు. నాకు కడుపు సరిగ్గా ఉండటం లేదు, కాచిన నీళ్ళే తాగాలి అన్నాడు.

"నువ్వు తాగలేదు" అంది. గొంతు గుసగుసగా వచ్చింది. "ఒక్క రోజు కూడా తాగలేదు నువ్వు. నేను తాగుతుంటే ఇక్కడే కూర్చుని చూశావు. గెడ తాగుతుంటే చూశావు. ఇంకాస్త పొయ్యమ్మా అని నేను అడిగితే, పక్కనే ఉన్నావు అన్నయ్యా."

"చెబుదామనే అనుకున్నాను. రోజూ పొద్దున అనుకునేవాణ్ణి. నోరు పెగల్లేదే."

"చెంబెడు నీళ్ళు చేత్తో తోసెయ్యడానికి నోరెందుకు?"

ఆయన ఏడుస్తున్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆ గడ్డం వణకడం చూసి ఆమె కూలబడిపోయేది. ఇప్పుడు ఆ కన్నీళ్ళు కూడా ఆమెకు చీదరగానే ఉన్నాయి. ముక్కు చీది చొక్కా అంచుకి తుడుచుకుంటుంటే మొహం తిప్పుకుంది.

అప్పుడే వీధి మలుపులో లారీ మోత వినిపించింది. పెద్ద డోలు గిర్రున తిరుగుతూ, వెనక్కి వెనక్కి వచ్చి వాలు మొదట్లో ఆగింది. డ్రైవరు తలుపు తీసి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ తలుపు వేసుకున్నాడు. అద్దం రెండు వేళ్ళంత దించాడు.

"మేస్త్రమ్మా, ఏం చచ్చిందిక్కడ?"

"సిగ్గు" అంది మేస్త్రమ్మ. "దిగు. పనుంది."

"కింది నుంచి మొదలెట్టాలా, పై నుంచా?"

"కింది కాలువలో మాత్రమే. నాలుగు తట్టల సరుకు చాలు. మిగతాది పట్టుకెళ్ళిపో."

డ్రైవరు అద్దం పూర్తిగా దించేశాడు. కంపు సంగతి మర్చిపోయాడు. "పట్టుకెళ్ళిపోవాలా? అమ్మా, ఇది టీ కాదు, ఫ్లాస్కులో పోసుకుని ఊరంతా తిరగడానికి! గంటన్నరలో రాయైపోతుంది. నా డోలు రాయైపోతే మా ఓనరు నన్ను అందులోనే పాతేస్తాడు."

"మార్కెట్టు వెనక గోడౌను నేల పోస్తున్నారు. నీ సరుకు కోసం కాచుకుని ఉన్నారు. పొద్దున్నే ఫోను చేసి చెప్పాను" అంది ఆమె. ఆ ఎర్రనీరు చూశాక, వరండా ఎక్కేముందు చేసిన పని అది. డ్రైవరు నోరు తెరిచి, మూసి, డోలు వెనక గొట్టం దించడానికి వెళ్ళాడు.

ఆమె సెంట్రింగు చెక్కల్లోంచి చేతి లావు దుంగ ఒకటి ఏరి, గొడ్డలితో చివర చెక్కింది. దాని చుట్టూ సిమెంటు గోనె చుట్టి తీగతో బిగించింది. సీసాకి బిరడా ఎలాగో, పైపుకి ఆ దుంగ అలాగ. కాలువలోకి దిగబోతుంటే అన్నయ్య ముందు దిగాడు. ఎవరూ పిలవలేదు. నల్లబురదలో మోకాళ్ళ మీద కూర్చుని, పై వైపు పైపు నోట్లో దుంగ ఆనించి, "కొట్టు" అన్నాడు.

ఆమె సమ్మెట ఎత్తింది. దెబ్బదెబ్బకీ పైపులోంచి నల్లనీరు చిమ్మి అన్నయ్య మొహం మీద, గడ్డం మీద, పెదవుల మీద పడుతోంది. ఆయన తుడుచుకోలేదు. ఏడో దెబ్బకి నీరు ఆగింది. అంత మాత్రాన ఆమెకు ఆయన మీద రోత తగ్గలేదు. దుంగ నిలబడిందా లేదా అన్నదే చూసింది.

"ఏం చేస్తున్నావు?" వరండా అంచు నుంచి డాక్టరుగారు అరిచారు. పేపరు ఇంకా చేతిలోనే ఉంది. "ఏయ్, ఏంటది? ఆపు!"

ఆపడానికి దిగి రావాలి. మెట్ల నుంచి కింది దాకా ఆయన వాలంతా ఇనుప చువ్వల గళ్ళు. మంచి కాళ్ళున్నవాళ్ళే గడిలో అడుగు చూసి వెయ్యాలి. ఆయన ఒక గడిలో చెప్పు పెట్టారు, మోకాలు వంగలేదు, స్తంభం పట్టుకుని వెనక్కి జరిగారు.

"మీ పైపుకి సిమెంటు పుయ్యమన్నారు కదండీ! పూస్తున్నాను!" అని కింది నుంచి గట్టిగా చెప్పింది మేస్త్రమ్మ.

గొట్టంలోంచి కాంక్రీటు దిగింది. వాలు పని కోసం నీళ్ళు తక్కువగా, గట్టిగా కలిపిన సరుకు. దుంగ మీద, దాని వెనక, రెండు పక్కలా అన్నయ్య పారతో సర్దుతుంటే, ఆమె దిమ్మిసతో కూరి కూరి, సందు లేకుండా నింపింది. పైన తాపీతో నున్నగా దిద్దింది కూడా. పనంటే పనే. లారీ మోతతో మార్కెట్టు వైపు వెళ్ళిపోయింది.

మేడలో ఆవేళ బట్టల మిషను తిరుగుతోంది. దాని నీళ్ళు, వంటింటి నీళ్ళు, స్నానాల గదుల నీళ్ళు, అన్నీ నిండుగా ఉన్న ఆ ట్యాంకులోకే. పావుగంట గడిచిందో లేదో, లోపలి నుంచి గొంతులో కఫం అడ్డుపడినట్టు గడగడమని చప్పుడు. తర్వాత ఇంకో గదిలోంచి అదే చప్పుడు. డాక్టరుగారు వెనక్కి తిరిగి చూసి, లోపలికి పరుగులాంటి నడక నడిచారు. ఆ వెంటనే ఆయన అరుపు వినిపించింది, మాటలు లేని అరుపు. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి వాళ్ళ కంపు వాళ్ళ ముక్కులకి అందింది.

మేస్త్రమ్మకు నవ్వు రాలేదు. నవ్వుదామనే చూసింది. నోట్లో ఇంకా ఆ నీళ్ళ రుచే ఉన్నట్టుంది, ఉమ్మింది.

వరండాలోకి డాక్టరుగారి భార్య వచ్చింది. పది రోజుల్లో ఆవిడ గుమ్మం దాటి రావడం ఇదే మొదటిసారి. సన్నగా, నీడలాంటి మనిషి. గౌను అంచు చీలమండ దాకా తడిసి నల్లబడింది. చెప్పుల్లేవు. చేతిలో ఒక కాగితం, నాలుగు మడతలది. ఆవిడ మెట్ల దగ్గర ఆగలేదు. గడికొక అడుగు చొప్పున, చిన్నపిల్లలు తొక్కుడు బిళ్ళ ఆడినట్టు, చువ్వల మధ్య నుంచి తడిపాదాలతో వాలు దిగి వచ్చింది.

"లోపలంతా పొంగింది. బాగా చేశావు అమ్మాయ్" అంది.

మేస్త్రమ్మ తాపీ కింద పెట్టింది.

"ఇది బీరువాలో ఆయన సర్టిఫికెట్ల కింద ఉంటుంది. అక్కడుందని నాకు తెలుసని ఆయనకి తెలీదు." కాగితం చాపింది. "మూడేళ్ళ కిందటిది. కింది ముసలావిడ ఒక సీసాలో వాళ్ళ బావినీళ్ళు పట్టుకుని వచ్చింది. ఏదో తేడాగా ఉంటున్నాయి బాబూ, ఎక్కడైనా పరీక్ష చేయించండి అని. ఈయన పట్నం ల్యాబుకి పంపించాడు. పంపకపోతే అనుమానపడుతుందని పంపించాడు. ఫలితం వచ్చింది."

"ఏమని?"

"నువ్వే చూడు. ఎర్రసిరాతో రాసి ఉంది, తాగడానికి పనికిరావు అని. ఈయన ఆవిడతో, నిక్షేపంగా ఉన్నాయి, హాయిగా తాగండి అన్నాడు. నేను ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆవిడ ఇద్దరికీ దండం పెట్టి వెళ్ళిపోయింది. మరుసటేడు వానల్లో పోయింది."

"మీరెందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ తన కాళ్ళ వైపు చూసుకుంది. "నా ఇల్లు శుభ్రంగా ఉంది కదా అప్పుడు" అంది.

మేస్త్రమ్మ కాగితం అందుకుంది. అందుకున్న చేతినే కడుక్కోవాలనిపించింది. పైన వరండాలో డాక్టరుగారు మళ్ళీ వచ్చి స్తంభం పట్టుకున్నారు. తెల్ల చొక్కా ముంజేతుల దాకా తడిసిపోయింది. భార్య చేతులు ఖాళీగా ఉండటం చూశారు, మేస్త్రమ్మ చేతిలో కాగితం చూశారు.

"అది ఇటివ్వు" అన్నారు. అరవలేదు, బతిమాలారు. "అమ్మా, నీకు పుణ్యముంటుంది, అది ఇటివ్వు."

"అక్కా!"

కింది నుంచి పిలుపు. టైలరమ్మ వాలెక్కి వస్తోంది. ఒక చేతిలో నీళ్ళ క్యాను, ఇంకో చేతిలో నీలం జగ్గు. నవ్వుతూనే వచ్చింది, అందరి మొహాలూ చూసి నవ్వు ఆపేసింది. "ఆలస్యమైంది, ఏమనుకోకండి. గెడన్నకి ఎలా ఉందివాళ? ఈ కంపేంటక్కా?"

మేస్త్రమ్మ ముందు ఆ క్యాను లాక్కుని మూత తీసి కంకర మీద బోర్లించింది. నీళ్ళు చువ్వల మధ్య నుంచి పాయలుగా కిందికి పోయాయి. టైలరమ్మ తెల్లబోయి చూస్తుంటే, కాగితం ఆమె చేతిలో పెట్టింది.

"చదువు. మీ బావి గురించి. మీ అత్తగారు చేయించమన్న పరీక్ష."

టైలరమ్మ జగ్గు కింద పెట్టి కాగితం విప్పింది. పెదవులు కదుపుతూ చదివింది. అత్తగారి పేరు దగ్గర ఒకసారి ఆగింది. ఎర్రసిరా దగ్గర ఇంకోసారి ఆగింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పైన డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ఇక ఏడుస్తుంది, అరుస్తుంది, వాలెక్కి ఆయన చొక్కా పట్టుకుంటుంది అనుకుంది మేస్త్రమ్మ.

టైలరమ్మ అవేమీ చెయ్యలేదు. కాగితం అడుగున, పరీక్ష ఫలితం తీసుకున్నవారు అని అచ్చు వేసిన గీత మీద నీలం సిరాతో ఒక సంతకం ఉంది. ఆమె వేలు అక్కడికి వెళ్ళి ఆగిపోయింది.

"అక్కా" అంది చివరికి. రంగు వెలిసిపోయిన మొహం పైకెత్తింది. "ఇది మా ఆయన సంతకం."